కీర ముక్కకు చెమట ఎందుకు పట్టింది?

పిల్లలూ! 'ఊరడం' అన్న మాటను మనం ఎన్ని చోట్ల వాడతామో ఎప్పుడైనా గమనించారా? బావిలో నీరు ఊరుతుంది. చింతకాయను చూస్తే నోట్లో నీరు ఊరుతుంది. జాడీలో ఆవకాయ ఊరుతుంది. బావిలో ఊరే నీరు భూమి పొరల్లోంచి వస్తుంది. నోట్లో ఊరే నీరు లాలాజల గ్రంథుల నుంచి వస్తుంది. మరి జాడీలో ఊరే నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆవకాయ కలిపేటప్పుడు అమ్మ గానీ, అమ్మమ్మ గానీ ఒక్క చుక్క నీరు కూడా పోయరు. తడి చేత్తో జాడీని ముట్టుకుంటే కేకలు వేస్తారు కూడా. అయినా మూడోనాడు మూత తీసి చూస్తే ముక్కలు ఊటలో తేలుతూ ఉంటాయి. ఆ ఊట ముక్కల్లోంచే వచ్చిందని మీరు సులభంగానే ఊహించగలరు. కానీ ముక్కలో హాయిగా ఉన్న నీటిని బయటికి రమ్మని పిలిచిందెవరు?

ఆ పని చేసింది ఉప్పు. ఎలా చేసిందో తెలుసుకోవడానికి మనం ఆవకాయ దాకా పోనక్కరలేదు. మామిడికాయల కాలం వచ్చేదాకా ఆగనూ అక్కరలేదు. రెండు కీర దోసకాయలు, చెంచాడు ఉప్పు, ఒక నిమ్మకాయ ఉంటే చాలు. అరగంటలో ఊరేసిన కీర ముక్కల సలాడ్ తయారవుతుంది. దానితోపాటు ఒక పాఠం కూడా నేర్చుకుంటాం.

'సలాడ్' అన్న మాటకు కూడా ఒక కథ ఉంది. లాటిన్ భాషలో ఉప్పును 'సాల్' అంటారు. ఉప్పు చల్లిన ఆకుకూర కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. చూశారా! వాళ్ల మాటలో ఉప్పు ఉంది. మన 'ఊరగాయ' అన్న మాటలో ఆ ఉప్పు పిలిస్తే వచ్చిన నీరు ఉంది. ఒకటి కారణం, రెండోది ఫలితం.

రెండు దోసకాయలు

పని మొదలుపెట్టేముందు కాయను సరిగా గుర్తుపట్టాలి. మన కృష్ణా డెల్టాలో, విజయవాడ రైతు బజారులో 'దోసకాయ' అంటే ముందు గుర్తొచ్చేది పసుపుపచ్చగా, గుండ్రంగా ఉండే కూర దోసకాయ. పప్పులోకి, పచ్చడిలోకి, పెళ్లి భోజనాల్లో వడ్డించే దోసావకాయలోకి వాడేది అదే. పొడుగ్గా, ఆకుపచ్చగా ఉండి, పచ్చిగా తినేది కీర దోసకాయ.

రెండిటి పేరులోనూ దోస ఉంది కాబట్టి రెండూ ఒకే జాతి అనుకుంటాం. కాని వృక్షశాస్త్రం ప్రకారం కాదు. కీర 'కుకుమిస్ సటైవస్' జాతికి చెందింది. పసుపుపచ్చ దోసకాయ 'కుకుమిస్ మెలో' జాతికి చెందింది. అంటే వేసవిలో మనం తినే ఖర్బూజాకు అది సొంత జాతి! కీర కణంలో 7 జతల క్రోమోజోములుంటే, ఖర్బూజా, కూర దోసకాయల కణంలో 12 జతలుంటాయి. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాల వంటివన్నమాట.

కీర మన దేశపు పంటే. దాని అడవి రూపం ఇప్పటికీ హిమాలయాల దిగువ కొండల్లో పెరుగుతోంది. కాయలు చిన్నగా, కటిక చేదుగా ఉంటాయి. వేల సంవత్సరాలుగా రైతులు చేదు తక్కువగా ఉన్న కాయల విత్తనాలనే దాచి నాటుతూ వచ్చారు. అలా నేటి కమ్మని కీర తయారైంది. 100 గ్రాముల కీరలో సుమారు 95 గ్రాములు నీరే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

మొదటి నియమం: రుచి చూడాలి

కాయను శుభ్రమైన నీటితో రుద్ది కడగండి. పచ్చిగా తినేది కాబట్టి చేతులూ, కత్తీ, పలకా కూడా కడగాలి. కత్తి పట్టేటప్పుడు పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. తొడిమ వైపు అంగుళం మేర కోసి పారేయండి. తర్వాత చిన్న ముక్క కోసి నాలుక కొనమీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి, ఆ కాయను పూర్తిగా పారేయండి.

ఇది ఏదో చాదస్తంగా చెబుతున్న మాట కాదు. దోస, కీర, సొర, పొట్ల వంటి పాదుల్లో 'కుకుర్బిటాసిన్లు' అనే చేదు పదార్థాలు తయారవుతాయి. పురుగులు, పశువులు తినకుండా మొక్క తనను తాను కాపాడుకునే ఆయుధాలవి. మనం పెంచే రకాల్లో ఇవి చాలా తక్కువ. అయితే నీరు చాలక, ఎండకు తాళలేక పాదు బాధపడినప్పుడు కాయలో చేదు పెరగవచ్చు. చేదు తీవ్రంగా ఉన్న కాయ తింటే వాంతులు, విరేచనాలు, కడుపులో రక్తస్రావం కూడా కలగవచ్చు. ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగిన ఒక శాస్త్రవేత్త మరణించాక, భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం ఈ విషయాన్ని పరిశీలించింది. దాని నివేదిక 2012లో వెలువడింది. సొరకాయ చేదుగా ఉంటే దాని రసం తాగనేకూడదని ఆ సంఘం హెచ్చరించింది.

కాయ కొన కోసి, ఆ ముక్కతోనే రుద్ది, తెల్లని నురగ వస్తే చేదు పోయిందనుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. చేదు తొడిమ దగ్గర ఎక్కువ కాబట్టి ఆ కొన కోసి పారేయడం వల్ల కొంత మేలు ఉంది. కాని నురగ వచ్చినంత మాత్రాన మిగతా కాయలోని చేదు పోదు. ఉప్పు వేసినా, నిమ్మరసం పిండినా పోదు. నురగను నమ్మకండి, నాలుకను నమ్మండి.

'మరి కాకరకాయ చేదు కాదా మాస్టారూ?' అని అడుగుతారు మీరు. మంచి ప్రశ్న! కాకరకు చేదు సహజగుణం. తరతరాలుగా దాన్ని తెలిసే తింటున్నాం. కీరకు, దోసకు, సొరకు చేదు ఉండకూడదు. ఉండకూడనిది ఉంటే అది ప్రమాద సూచిక.

చేసే విధానం

నలుగురికి సరిపోయే కొలతలివి: కీర దోసకాయలు అర కిలో, ఉప్పు ఒక చెంచా (సుమారు 5 గ్రాములు), చిన్న ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిరపకాయ ఒకటి, నిమ్మకాయ ఒకటి, పంచదార అర చెంచా, కొంచెం కొత్తిమీర.

1. కీరలను చక్రాల్లా పలచగా తరగండి. తొక్క లేతగా ఉంటే తీయనక్కరలేదు.

2. ముక్కలను గాజు గిన్నెలో గానీ, పింగాణీ గిన్నెలో గానీ, స్టీలు గిన్నెలో గానీ వేసి, ఉప్పు చల్లి, చేత్తో మెల్లగా కలపండి. అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు వద్దు. తర్వాత మనం నిమ్మరసం పిండుతాం. అందులోని ఆమ్లం ఆ లోహాలను కరిగించి కూరలోకి దింపుతుంది. వెనకటి రోజుల్లో ఇత్తడి గిన్నెలకు తగరంతో కళాయి పూయించేది ఇందుకే. ఊరగాయలను జాడీల్లోనే పెట్టేదీ ఇందుకే.

3. మూత పెట్టి అరగంట కదపకుండా ఉంచండి.

4. మూత తీయండి. గిన్నె అడుగున నీరు చేరి ఉంటుంది. ముక్కలను దోసిట్లోకి తీసుకుని మెల్లగా పిండి, ఆ నీటిని వేరే గ్లాసులోకి వంపండి. పారబోయవద్దు, దానితో పని ఉంది.

5. పిండిన ముక్కల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పంచదార, నిమ్మరసం వేసి కలపండి. మరో పావుగంట ఊరనిచ్చి, కొత్తిమీర చల్లి తినండి.

ఉప్పు గురించి ఒక చిన్న లెక్క చేద్దాం. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనం వేసింది నలుగురికి కలిపి 5 గ్రాములు. అంటే ఒక్కొక్కరికి గ్రామున్నర కంటే తక్కువ. పిండిన నీటితోపాటు అందులో కొంత బయటికి పోయింది కూడా. ఇంట్లో రక్తపోటు ఉన్న తాతయ్యో, నాయనమ్మో ఉంటే ఉప్పు సగానికి తగ్గించండి. నీరు కాస్త తక్కువ ఊరుతుంది, అంతే.

ఇప్పుడు గ్లాసులోని నీటిని చూడండి. ఇందాకటి వరకు ఈ నీరంతా కీర ముక్కల లోపలే ఉంది. ఉప్పు చల్లగానే ముక్కలకు చెమట పట్టినట్టు బొట్లు బొట్లుగా బయటికి వచ్చింది.

లోపల ఏం జరిగింది?

కీర ముక్క లక్షలాది కణాల కూడిక. ప్రతి కణానికీ బయట గట్టి కణకవచం ఉంటుంది. దాని లోపల పలుచని కణత్వచం ఉంటుంది. కణం మధ్యలో రిక్తిక అనే పెద్ద సంచి ఉంటుంది. అందులో నీరు, చక్కెరలు, లవణాలు ఉంటాయి.

సైకిలు చక్రాన్ని తలచుకోండి. పైన టైరు, లోపల ట్యూబు, ట్యూబులో గాలి. గాలి నిండుగా ఉంటే ట్యూబు టైరును లోపలి నుంచి నొక్కుతుంది. చక్రం బిర్రుగా ఉంటుంది. గాలి దిగితే టైరు అదే అయినా చక్రం మెత్తబడిపోతుంది. కణంలో కూడా ఇంతే. కణకవచం టైరు, కణత్వచం ట్యూబు, గాలికి బదులు నీరు. నీరు నిండుగా ఉన్న కణం బిర్రుగా ఉంటుంది. దీన్నే స్ఫీత స్థితి అంటారు. తాజా కీరను కొరికితే కరకరలాడేది ఇందువల్లనే. మనం కొరికేది ఎక్కువగా నీటినే అయినా, ఆ నీరు లక్షల చిన్న చిన్న ట్యూబుల్లో బిగించి ఉంది!

కణత్వచానికి ఒక ప్రత్యేకత ఉంది. అది నీటి అణువులను అటూ ఇటూ తేలికగా పోనిస్తుంది. ఉప్పునూ, చక్కెరనూ అంత తేలికగా పోనివ్వదు. మీరు ఉప్పు చల్లినప్పుడు, కోసిన తలంమీది తడిలో అది కరిగి చిక్కని ఉప్పునీరు అయింది. ఇప్పుడు పొరకు లోపల పలుచని ద్రావణం, బయట చిక్కని ద్రావణం. నీటి అణువులు రెండు వైపుల నుంచీ పొరను దాటుతూనే ఉంటాయి. అయితే బయటివైపు ఉప్పు కణాలు చోటు ఆక్రమించి, నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి లోపలికి వచ్చే నీరు తక్కువ, బయటికి పోయే నీరు ఎక్కువ అవుతుంది. మొత్తంమీద నీరు పలుచని ద్రావణం వైపు నుంచి చిక్కని ద్రావణం వైపు నడుస్తుంది. దీనికే ద్రవాభిసరణం అని పేరు.

ఈ వింతను 1748లో ఫ్రాన్సు దేశానికి చెందిన నోలే అనే శాస్త్రవేత్త గమనించాడు. ఒక పాత్ర నిండా సారాయి పోసి, మూతికి పంది మూత్రాశయపు పొరను బిగించి కట్టి, నీళ్లలో ముంచాడు. కొన్ని గంటలకు ఆ పొర పైకి ఉబ్బింది. బయటి నీరు పొరను దాటి లోపలికి పోయిందన్నమాట. ఆయన మద్యసారంతో చేసి చూసినదాన్నే మన పెద్దమ్మలు ఉప్పుతో ఏటేటా చేస్తున్నారు.

ద్రవాభిసరణానికి నిర్వచనం రాయమంటే మీలో చాలామంది గడగడా రాసేస్తారు. బంగాళదుంపను తొలిచి చేసే ప్రయోగం బొమ్మ కూడా వేస్తారు. కాని వంటింట్లో ఊరగాయ పెడుతుంటే అదీ ఇదీ ఒకటేనని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అందుకే ఈ పాఠాన్ని గిన్నెలో చెబుతున్నాను.

మీరే పరీక్షించండి

నాలుగు పళ్లేలు తీసుకోండి. మొదటి మూడింటిలో ఒక్కొక్క దానిలో ఒకే మందాన తరిగిన పది కీర చక్రాలు పెట్టండి. మొదటి పళ్లెంలో ఏమీ చల్లవద్దు. రెండో పళ్లెంలో అర చెంచా ఉప్పు చల్లండి. మూడో పళ్లెంలో అర చెంచా పంచదార చల్లండి. నాలుగో పళ్లెంలో కోయని, గాటు పడని చిన్న కీరను ఉంచి దానిమీద అర చెంచా ఉప్పు చల్లండి. అరగంట తర్వాత ఏ పళ్లెంలో ఎంత నీరుందో దగ్గు మందు సీసా మూతతో కొలిచి, పట్టిక వేసుకోండి.

మొదటి పళ్లెంలో కాస్త తడి తప్ప ఏమీ ఉండదు. ఆ తడి కత్తికి తెగిన కణాలది. రెండో దానిలో నీరు బాగా చేరుతుంది. మూడో దానిలో కూడా నీరు చేరుతుంది! అంటే నీటిని లాగే శక్తి ఉప్పు ఒక్కదానికే లేదు. నీటిలో కరిగి చిక్కని ద్రావణాన్నిచ్చే పంచదార కూడా ఆ పని చేస్తుంది. మాగాయకు ఉప్పు, మురబ్బాకు పంచదార వాడేది ఈ నియమం మీదే. అయితే ఉప్పూ పంచదారా ఒకే బరువు వేసినా ఉప్పే ఎక్కువ నీరు లాగుతుంది. ఉప్పు అణుభారం తక్కువ, పైగా నీటిలో అది రెండేసి అయానులుగా విడిపోతుంది. అంచేత గ్రాముకు గ్రాము లెక్క చూస్తే దాని కణాలు ఎన్నో రెట్లు ఎక్కువ.

నాలుగో పళ్లెంలోని కాయకు మాత్రం దాదాపు ఏమీ కాదు. తొక్క మీది మైనపు పొర నీటిని కాపాడుతోంది. ఆ పొరే లేకపోతే మన ఎండలకు కాయ పాదుమీదే వడలిపోయేది. ఊరేసే ముందు కాయను ముక్కలు చేయడం, ఎంత పలచగా తరిగితే అంత త్వరగా ఊరడం ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా! తెగిన తలం పెరిగితే నీరు వచ్చే దారులు పెరుగుతాయి.

ఇంకో పరీక్ష. రెండో పళ్లెంలోని ఒక ముక్కను వంచి చూడండి. విరగకుండా వంగుతుంది. దాన్ని మంచినీళ్లలో గంటసేపు ఉంచండి. మళ్లీ చాలావరకు బిర్రుగా అవుతుంది. ఇప్పుడు బయట పలుచన, లోపల చిక్కన. కాబట్టి నీరు వెనక్కి నడిచింది. ట్యూబుకు మళ్లీ గాలి కొట్టినట్టే. అయితే ఉప్పులో ఒక పూటంతా నానిన ముక్క మళ్లీ బిగుసుకోదు. దాని కణత్వచాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. చిరిగిన ట్యూబుకు ఎంత గాలి కొట్టినా నిలవదు గదా!

ఒక ఏడాది, ఒక వారం, ఒక పూట

ఊరిన నీటిని ఎందుకు పిండేశాం? నిమ్మరసం, కారం పలచబడిపోకుండా ఉండటానికి. నీరు పోయిన ముక్క స్పంజిలాంటిది. నిమ్మరసాన్ని తనలోకి పట్టించుకుంటుంది. ఉప్పు వేయకుండా, పిండకుండా నేరుగా నిమ్మరసం కలిపి చూడండి. కాసేపటికి గిన్నెలో చప్పిడి నీళ్లు మిగులుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆవకాయ ఏడాదిపాటు నిలవ ఉంటుంది. దోసావకాయ వారం రోజులు ఆగడమే గొప్ప. మనం చేసిన సలాడ్ ఆ పూటకే. మూడింటిలోనూ ఉప్పు ఉంది గదా, ఈ తేడా ఎందుకు?

సమాధానం మళ్లీ నీటిలోనే ఉంది. ఆహారాన్ని పాడుచేసే బాక్టీరియాలు, బూజులు కూడా కణాలే. వాటికీ కణత్వచాలున్నాయి. చుట్టూ ఉన్న ఊట బాగా ఉప్పగా ఉంటే కీర ముక్కలోంచి నీరు వచ్చేసినట్టే వాటిలోంచి కూడా నీరు వచ్చేస్తుంది. అవి పెరగలేవు. కాని అందుకు ఊట బాగా చిక్కగా ఉండాలి. మన సలాడ్‌లో అర కిలోకు 5 గ్రాముల ఉప్పు, అంటే నూటికి ఒక పాలు. ఇది నాలుకకు రుచి, బాక్టీరియాకు అడ్డు కాదు. ఆవకాయలో ఉప్పు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. మామిడిలో సహజంగానే పులుపు ఉంది. ముక్కలను గుడ్డతో తుడిచి తడి లేకుండా చేస్తారు. పైన నూనె తేలి గాలిని అడ్డుకుంటుంది. ఇన్ని కాపలాలు ఉన్నాయి దానికి.

దోసావకాయలో కూడా ఉప్పు, కారం, ఆవపిండి, నూనె ఉంటాయి. అయితే దోసకాయ ముక్క మామిడి ముక్క కంటే ఎక్కువ నీరు వదులుతుంది. ఆ నీరు ఉప్పును పలచన చేస్తుంది. కాపలా సడలుతుంది. తడి చేత్తో జాడీ ముట్టుకోవద్దన్న పెద్దల మాట చాదస్తం కాదని ఇప్పుడు ఒప్పుకుంటారా? ఒక చోట పడిన నీటిబొట్టు అక్కడి ఊటను పలచన చేస్తే బూజుకు అంత చోటు చాలు.

మరి వేసవిలో విజయవాడలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడికి తక్కువ ఉప్పుతో చేసిన కీర సలాడ్ బయట ఉంచితే కొద్ది గంటల్లో పాడవుతుంది. చేసిన గంటా రెండు గంటల్లోపే తినేయండి. ఫ్రిజ్‌లో పెట్టినా మరునాటికి మించి ఉంచవద్దు.

ఆవపిండి సంగతి కూడా చెప్పి ముందుకు పోదాం. కావాలంటే సలాడ్‌లో పావు చెంచా ఆవపిండి కలుపుకోవచ్చు. ఆవగింజను ఎండుగా నోట్లో వేసుకుంటే మొదట ఘాటు ఉండదు. నమిలితే ముక్కుకు ఎక్కుతుంది. ఎందుకంటే గింజలో 'సినిగ్రిన్' అనే పదార్థం ఒక చోట, 'మైరోసినేజ్' అనే ఎంజైము మరో చోట ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలితే రెండూ కలుస్తాయి. అప్పుడే ఘాటైన నూనె తయారవుతుంది. ఈ ఘాటు కూడా బాక్టీరియాలకు గిట్టదు. పోపులో వేగిన ఆవాలు ఘాటుగా ఉండవు. వేడికి ఎంజైము చెడిపోతుంది. మన దోసావకాయలో ఆవపిండిని తడిపింది ఎవరో చెప్పండి చూద్దాం? ఉప్పు పిలిస్తే వచ్చిన ఊటే!

గిన్నెలో జరిగింది పొలంలో జరిగితే?

ఇంతవరకు ఉప్పు మనకు ఉపకారం చేసింది. ఇదే నియమం పొలంలో పనిచేస్తే ఏమవుతుందో మన కృష్ణా డెల్టా రైతులకు బాగా తెలుసు.

మొక్క వేళ్లు నేలలోని నీటిని తీసుకునేది ద్రవాభిసరణం వల్లనే. వేరు కణాల్లో ద్రావణం చిక్కగా, నేలలోని నీరు పలచగా ఉన్నంత కాలం నీరు లోపలికి నడుస్తుంది. నేలలో ఉప్పు పెరిగితే ఈ తేడా తగ్గిపోతుంది. మరీ పెరిగితే తలకిందులవుతుంది. అప్పుడు పొలంలో నీళ్లు నిలిచి ఉన్నా మొక్క తాగలేదు. నీళ్లలో నిలబడి దాహంతో ఎండిపోతుంది. యూరియాను మొక్క మొదట్లో కుప్పగా పోస్తే అది మాడిపోవడం మీరు చూసే ఉంటారు. అదీ ఇదే.

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన తుపానులో సముద్రపు ఉప్పెన ఊళ్లను ముంచెత్తింది. సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. నీరు తీసింది గాని, అది తెచ్చిన ఉప్పు పొలాల్లో మిగిలింది. ప్రాణాలు దక్కించుకున్న రైతు కళ్లముందు నేల ఉంది, తడి ఉంది, కాని పైరు తాగగలిగే నీరు లేదు.

ఉప్పు పట్టిన నేలకు వైద్యమేమిటి? మెత్తబడిన కీర ముక్కను బాగుచేయడానికి మనం ఏం చేశాం? మంచినీళ్లలో వేశాం. నేలకు కూడా అదే మందు. మంచినీటిని నిలగట్టి, ఉప్పును కరిగించి, మురుగు కాలవల గుండా బయటికి పంపాలి. సోడియం ఎక్కువై గట్టిపడిన నేలలకు జిప్సం కూడా వేస్తారు. అందుకే డెల్టాలో కాలవలు ఎంత ముఖ్యమో మురుగు కాలవలూ అంతే ముఖ్యం. విజయవాడ దగ్గర కృష్ణకు మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజి 1957 నుంచి పన్నెండు లక్షల ఎకరాలకు పైగా నీరు అందిస్తోంది. ఆ నీరు పైరుకు తాగేందుకే కాదు, కాలవల చివరన సముద్రానికి దగ్గరగా ఉన్న అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల నేలల్లో ఉప్పును అదుపులో ఉంచేందుకు కూడా కావాలి. ఎగువన ఒకరు వృథా చేసిన నీరు దిగువన మరొకరి పొలంలో ఉప్పుగా మిగలవచ్చు.

పిల్లలూ! ఈ సలాడ్ ఆడపిల్లల పని, ప్రయోగం మగపిల్లల పని అని పంచుకోకండి. రెండూ అందరూ చేయండి. తరిగిన చేతికే పాఠం బాగా అంటుకుంటుంది.

ఆలోచించండి

1. సముద్రం మధ్యలో దాహం వేసినవాడు సముద్రపు నీరు తాగితే దాహం తీరకపోగా ఎందుకు పెరుగుతుంది?

2. ఎండుద్రాక్షను నీళ్లలో నానబెడితే ఎందుకు ఉబ్బుతుంది? చిక్కని పంచదార పాకంలో వేస్తే ఉబ్బుతుందా?

3. కూరగాయలమ్మేవాళ్లు ఆకుకూరల మీద మాటిమాటికీ నీళ్లు చల్లుతారు. ఉప్పునీళ్లు చల్లితే ఏమవుతుంది?

4. మీ ఇంట్లో ఊరగాయ పెట్టేటప్పుడు కాయల బరువు, ఉప్పు బరువు అడిగి రాసుకోండి. నూటికి ఎన్ని పాళ్ల ఉప్పు పడిందో లెక్కకట్టి, మన కీర సలాడ్‌తో పోల్చండి. ఏది ఎన్నాళ్లు నిలవ ఉంటుందో ఆ లెక్క చూసి ముందే చెప్పగలరా?